ఎదుటివాడి పరుగు

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఆ ఏడాది పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లోనే జరిగేవి. పొద్దున లేచింది మొదలు నేను హాస్టల్ గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. పక్క గదిలో ఉండే గుంటూరు మిత్రుడు విసుగొచ్చి గోడ మీద కొట్టేవాడు. వాడు ఎంతసేపైనా కుర్చీలో కూర్చోగలడు. నేను కరీంనగర్‌లో డిగ్రీ అయ్యేదాకా కాలేజీ కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళినవాణ్ణి, నా వల్ల కాలేదు.

లాక్‌డౌన్ సడలించాక, ఊళ్ళో కొత్తగా పెట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్ళు కావాలని తెలిసింది. కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని ముందుకు పరిగెత్తాలి, అవతలివాళ్ళు పట్టి పడేయాలి. ఆ ఆట గురించి నాకు తెలిసింది అంతే. పట్టు పట్టడం, పట్టు విడిపించుకోవడం మనకు కొత్తా అనుకుని వెళ్ళాను. తీసుకున్నారు. అయితే జట్టులోకి కాదు, ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి.

అంటే వారమంతా జట్టుతో సమానంగా చెమటోడ్చాలి, మ్యాచ్ రోజున మాత్రం మైదానంలోకి దిగకూడదు. అమెరికాలో ఇదొక ఉద్యోగమట. వారం వారం జీతం ఇస్తారు, ఏ రోజైనా పొమ్మంటారు, బాగా ఆడుతున్నాడనిపిస్తే వేరే జట్టువాళ్ళు వచ్చి ఎగరేసుకుపోతారు. మాకు జీతం లేదు, ఎగరేసుకుపోయే దిక్కూ లేదు. పొమ్మనడం మాత్రం ఉంది.

మొదటి రోజే పరువు పోయింది. బంతి ఇచ్చారు, పరిగెత్తాను. ఇద్దరిని తప్పించుకున్నాను. మూడోవాడి భుజం నా చేతికి తగిలింది. కబడ్డీలో అవతలివాణ్ణి ముట్టుకున్నాక ఇంకేం చేస్తాం, వెనక్కి తిరిగి మన గీత దాకా ఒకటే ఉరుకు. నేనూ అదే చేశాను. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. బయల్దేరిన చోటికి చేరుకుని, పాయింటు తెచ్చినవాడిలా చెయ్యెత్తి నిలబడ్డాను. మైదానంలో అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. గడ్డం నెరిసిన మా జర్మన్ కోచ్ ఒక్కడే నవ్వలేదు.

"ఇద్దరిని వదిలించుకున్న తీరు బాగుంది. వెనక్కి మాత్రం రాకు," అన్నాడు.

ఆయన నాకు అప్పగించిన పని వేరు. వచ్చే శనివారం మా వాళ్ళు ఎవరితో ఆడబోతున్నారో, ఆ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నర్ వేషం నేను కట్టాలి. మంగళవారం వాడి వీడియోలు పంపేవారు, వాడి అంకె ఉన్న చొక్కా ఇచ్చేవారు. వాడు ఏ కాలు ముందు వేస్తాడో, ఎక్కడ ఆగినట్టు ఆగి పక్కకు జారుతాడో పట్టుకుని, శుక్రవారం దాకా అలాగే పరిగెత్తాలి. నన్ను పడగొట్టి పడగొట్టి మా వాళ్ళు వాణ్ణి పడగొట్టడం నేర్చుకుంటారు. కూతకు వెళ్ళేవాడికి ఎదుటివాడి పాదాలు చదవడం వెన్నతో పెట్టిన విద్య. నాలుగు వారాలు తిరిగేసరికి ఈ పనిలో నన్ను మించినవాడు లేడని అందరూ అన్నారు. పొగిడితే ఎవరికి చేదు.

"అంటే నువ్వు ఆటలో అరటిపండువన్నమాట," అన్నాడు గుంటూరు మిత్రుడు, నా వీపుకు మందు రాస్తూ. "ఇంతోటిదానికి ఒళ్ళు హూనం చేసుకోవటం ఎందుకంట? ముందు ప్రొఫెసర్‌ది టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందో లేదో చూసుకో."

"అరటిపండుకు గిన్ని గుద్దులు పడయిరా," అన్నాను. "ఒక్క మ్యాచ్. ఒక్కటంటే ఒక్కటి ఆడితే సాలు నాకు."

నిజంగా అదే నా కోరిక. శరత్కాలంలో థీసిస్ పని మీద కెమ్నిట్జ్ అనే ఊరికి వెళ్ళిపోవాలి. ఈ వేసవిలో దిగకపోతే ఇక దిగేది లేదు. దారి కూడా లేకపోలేదు. మ్యాచ్‌కు ముందు అందరికీ కరోనా పరీక్ష చేసేవారు. ఎవరికైనా పాజిటివ్ వస్తే ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఒకణ్ణి ఆ పూటకు పైకి తీసుకుంటారు, మ్యాచ్ అయ్యాక మళ్ళీ కిందికి దించుతారు. ప్రతి శనివారం కిట్ సర్దుకుని, మాస్కు వేసుకుని గేటు దగ్గర నిలబడేవాణ్ణి. లోపల అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తెలిశాక ట్రామ్ ఎక్కి వచ్చేసేవాణ్ణి. ఆ ట్రామ్‌లో కూర్చోలేకపోయేవాణ్ణి, సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడేవాణ్ణి.

ఇక రెండు మ్యాచ్‌లే మిగిలాయనగా, మా అసలు రన్నర్‌కు పాజిటివ్ వచ్చింది. కోచ్ గేటు దాకా వచ్చి నన్ను లోపలికి రమ్మన్నాడు. తొందరలో హెల్మెట్ పట్టీ తిరగేసి పెట్టుకుంటే మరొకరు సరిచేశారు. స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అయినా నాకు జాతర చూసినట్టే ఉంది.

ఆట సగం దాటాక నన్ను మైదానంలోకి దించారు. మా వాళ్ళ ఎత్తులు నాకు సగమే తెలుసు, అవతలివాళ్ళవైతే కంఠతా వచ్చు. ఎలాగో సర్దుకుని బంతి అందుకున్నాను. ఎడమకు ఆగినట్టు ఆగాను, కుడికి జారాను. నేను జారిన చోట వాళ్ళ డిఫెండర్ ముందే నిలబడి ఉన్నాడు. రెండోసారి ఇంకా గట్టిగా ప్రయత్నించాను, అక్కడా వాడే ఉన్నాడు. మూడోసారి నేను ఎటు పోవాలో అనుకునేలోపే నన్ను నేల కరిపించాడు. నా మీద నుంచి లేచి, చెయ్యి అందించి, నవ్వాడు.

"మా రన్నర్‌ను రోజూ పడగొట్టేవాళ్ళం, వాడివన్నీ మాకు తెలుసు," అన్నాడు. "నువ్వు అచ్చం వాడిలాగే పరిగెత్తుతున్నావు."

మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం సంగతి అప్పుడు తెలిసింది. వారమంతా నేర్చుకున్న పరుగు ఒంట్లోంచి పోలేదు. వాళ్ళ రన్నర్ పరుగును వాళ్ళకే ఎదురు తీసుకెళ్ళాను. ఆ తర్వాత నాకు బంతి ఇవ్వలేదు. బెంచీ మీద తువ్వాలు ముఖాన కప్పుకుని ఏడ్చాను. చెమట తుడుచుకుంటున్నానని అనుకున్నారు.

మంగళవారం కోచ్ మామూలుగానే మరో అంకె చొక్కా నా చేతిలో పెట్టి, ఈసారివాడు ఎడమకు ఎక్కువ తిరుగుతాడని చెప్పాడు. నేను చొక్కా వేసుకోకుండా నిలబడి, "మరి నేనెటు తిరుగుతాను?" అని అడిగాను.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. మంచివాడు, ఊరికే ఏదో ఒకటి చెప్పే మనిషి కాదు.

"నీ వీడియోలు చూసి చెప్తాను," అన్నాడు. ఆయన ఫోన్‌లో నా వీడియోలు వేసవి పొడుగునా తీసినవి ఉన్నాయి, ఇద్దరం కలిసి ఒక్కొక్కటే చూశాం. ఒక్కోదాంట్లో ఒక్కో అవతలి రన్నర్ పరిగెత్తుతున్నాడు, ఒక్కదాంట్లోనూ నేను లేను.