ట్యాంకు వేరే, ట్యాంకి వేరే

కాగితం మిల్లు సైరన్ ఆగిపోయిన ఆ రోజుల్లో మా కాగజ్‌నగర్‌లో టైం సరిగ్గా చెప్పగల ఇల్లు ఒక్కటీ ఉండేది కాదు. అప్పటిదాకా గడియారం చూసి ఎవరు బతికారు కనుక? సైరన్ మోగితే పొయ్యి అంటుకునేది, మళ్లీ మోగితే పిల్లలు బడికి పరుగెత్తేవాళ్లు, ఇంకోసారి మోగితే గల్లీ మలుపులో బాపు సైకిల్ చప్పుడు వినపడేది. మిల్లు మూతపడ్డాక అన్నం ఎప్పుడు తినాలో కూడా ఎవరికీ తెలియలేదు (తినడానికి ఏముందన్నది వేరే సంగతి). ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు మా ఇంట్లో నవ్విన పాపాన ఎవరూ పోలేదు. మా బాపు (మా దగ్గర నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం) మిల్లులో ఫిట్టర్. చివరి షిఫ్టు దిగి వచ్చిన రోజు అంగి విప్పి మేకుకు తగిలించి, మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆయన చర్చికి రాడు, చాయ్ హోటల్‌కు పోడు. ఎవరన్నా వచ్చి పలకరిస్తే "ఏమున్నది, బేకార్" అనేవాడు. ఆ మాటకు మా దగ్గర రెండర్థాలు ఉన్నాయి, పని లేనివాడని ఒకటి, పనికిరానివాడని ఒకటి. బాపు ఏ అర్థంలో అంటున్నాడో అడిగే ధైర్యం అవ్వకూ లేదు, నాకూ లేదు.

అట్లాంటి ఇంట్లోకి నా మొదటి ఉద్యోగం వచ్చిపడింది. బీఏ పాసై ఊరికే తిరుగుతున్న నాకు హైదరాబాద్‌లో ఉండే ఒక సారు ఫోన్లోనే పని ఇచ్చాడు (ఆయన ముఖం ఈనాటికీ నేను చూడలేదు). ఇంటర్నెట్‌లో జనం ట్యాంకులు నడుపుతూ ఒకరినొకరు పేల్చుకునే ఆట ఒకటుందట. దానికోసం ఇంట్లో కూర్చుని తెలుగు పేజీ నడపాలి. అందులో వార్తలు రాయాలి, అంటే ఆటలో కొత్తగా ఏమొచ్చింది, ఏది ఆగింది, ఏ పోటీ ఎప్పుడు అన్నవి. వాటితోపాటు బండ్ల చరిత్ర, అంటే ఏ ట్యాంకును ఏ దేశం ఎందుకు చేసింది, అది ఎక్కడ కొట్లాడింది, చివరికి ఏమైంది అన్నది. యుద్ధమంటే నాకు తెలిసింది మా గల్లీలో నల్లా దగ్గర బిందెలతో జరిగేదొక్కటే. అయినా సరేనన్నాను. ఫిరంగి తిరిగే పైభాగానికి "బురుజు" అని పేరు పెట్టి, ఎంత గొప్ప మాట కనిపెట్టానో అని ఒక పూటంతా మురిసిపోయాను. సారు ఫోన్ చేసి, "తమ్ముడూ, ట్యాంకు మీద కోటలు కట్టకు" అన్నాడు.

అసలు గొడవ మొదలైంది చర్చిలో. కొడుక్కు పని దొరికిందన్న సంతోషంలో అవ్వ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య దగ్గరికి పోయి ప్రార్థన చేయమంది. "ఏం పనమ్మా?" అని ఆయన అడిగితే, "ట్యాంకుల గురించి రాసే పనయ్యా, కంప్యూటర్ల" అంది. మా దగ్గర ట్యాంకి అంటే ఒకటే, గల్లీ చివర నాలుగు కాళ్ల మీద నిలబడ్డ నీళ్ల ట్యాంకి. పాస్టరయ్య నా తలమీద చేయిపెట్టి, "ప్రభువా, ఈ తమ్ముని చేతుల ద్వారా ఎండిన ట్యాంకులను నింపుము" అన్నాడు. అది నడి ఎండాకాలం. ఆ రోజు వచ్చినంత గట్టి ఆమెన్ ఆ చర్చిలో అంతకుముందు నేను వినలేదు. కాదని చెప్పుకోవడానికి తల ఎత్తబోయాను గానీ, పాస్టరయ్య చేయి చాలా బరువు.

మర్నాడే పక్కింటి జమ్మికుంట అత్త వచ్చింది (ఆమె పుట్టిల్లు జమ్మికుంట, పత్తి మార్కెట్లో పెరిగిన గొంతు గనక గుసగుస కూడా గల్లీ అంతటికీ వినిపిస్తుంది). నేను లోపల రాసుకుంటున్నాను. ఆమె మంచం దగ్గర నిలబడి, "అన్నా, పండుకున్నవా? నల్లా ఎప్పుడొస్తదో జర నీ కొడుకునడిగి చెప్పరాదే. ట్యాంకిల ముచ్చట్లన్ని ఆయిన చేతులనే ఉన్నయంట గదా" అంది. మిల్లు మూతపడ్డాక ఒక మనిషి మా బాపును ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఓదార్చేవాళ్లు చాలామంది వచ్చారు, అడిగినవాళ్లు లేరు. బాపు లేచాడు. వచ్చి నా వెనక నిలబడి, గీతలు పడ్డ కళ్లద్దాల్లోంచి కంప్యూటర్‌లోకి చూశాడు. నేను అప్పుడే ఒక వార్త రాసి ముగించాను: "నిర్వహణ పనుల కారణంగా రేపు ఉదయం ట్యాంకులు అందుబాటులో ఉండవు." బాపు దాన్ని పెదాలు కదిలిస్తూ చదివాడు. మేకుకున్న అంగి తీసి, దులిపి, తొడుక్కుని బయటికి పోయాడు.

ఆయన ఎక్కడికి పోయాడో నాకు సాయంత్రానికి గానీ అర్థం కాలేదు. రేపు నల్లా రాదని గడప గడపకూ చెప్పివచ్చాడు. గల్లీ గల్లీ అంతా బిందెలు, బకెట్లు, డ్రమ్ములు, చివరికి పెండ్లిండ్లకు వాడే గంగాళాలు కూడా నింపుకుంది. అందరూ ఒక్కసారే తోడేసరికి ట్యాంకి అడుగంటిపోయి, తెల్లారి నల్లాలో గాలి తప్ప ఏమీ రాలేదు. "బరాబర్ చెప్పిండు! ఆఫీసు మాట అంటే గట్లుంటది" అని బాపును మెచ్చుకున్నారు. నీళ్లు ఎందుకు రాలేదో ఆలోచించిన తలకాయ ఒక్కటీ లేదు. నేను అవ్వతో, ఇది నీళ్ల ట్యాంకి కాదనీ, యుద్ధం ట్యాంకనీ, అదికూడా ఉత్త బొమ్మ అనీ, అందరికీ చెప్పేస్తాననీ అన్నాను. అవ్వ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "జర ఊకో బిడ్డా. ఇయ్యాళ అంగేసుకొని బయటికి వోయిండు. ఏ ట్యాంకైతే నీకేంది?" అంది. నేను పోయి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఇంక బాపు రోజూ గడ్డం గీసుకోవడం, చాయ్ హోటల్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. నా పేజీ ఎట్లా తెరవాలో నేర్చుకుని, ఫోన్లో తనే వార్తలు చదివి పదిమందికీ విప్పి చెప్పేవాడు. "కొత్త ట్యాంకులొస్తున్నయంట, జర్మనీవి" అంటే, "జర్మనీ మాల్ అంటే తుప్పు వట్టదు" అని ఇంకెవరో అనేవాళ్లు. ఆ గొంతు మళ్లీ వింటుంటే నాకు సంతోషంగానూ ఉండేది, ఈ బొమ్మ సంగతి ఎప్పుడు బయటపడుతుందో అని భయంగానూ ఉండేది. అది బయటపడింది ఒక శనివారం పొద్దున. దానికి నేను చేసిన సాయమల్లా ఒక వార్త రాయడమే: "ఈ శని, ఆదివారాల్లో ఆటలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ ఒక భారీ ట్యాంకు ఉచితం." బాపు కళ్లద్దాల మీది గీత సరిగ్గా ఎక్కడ పడిందో గానీ, ఆట కాస్తా ఆటో అయిపోయింది. "ఆటోలోకి" అనడమేంటని ఎవరో అడిగితే, "భారీ ట్యాంకి సైకిల్ మీద వస్తదా? అందుకే ఆటో తెచ్చుకోమన్నరు" అన్నాడట. ఇంత సబబుగా చెప్తే ఎవరు నమ్మరు?

నేను పళ్లు తోముకుంటూ బయటికి వచ్చేసరికి మా గల్లీ నిండా ఆటోలు. కొందరు తాళ్లు తెచ్చుకున్నారు. ఒకాయన ట్యాంకి పెట్టడానికి ఇంటిమీద సిమెంటు దిమ్మె కూడా కట్టుకుని వచ్చాడు. అందరికంటే ముందు ఆటోలో జమ్మికుంట అత్త. బాపు ఉతికిన అంగితో గడపలో నిలబడి, "లైన్ల రావాలె, అందరికి దొరుకుతయి, ఫికర్ జెయ్యకుండ్రి" అంటున్నాడు. ఇక దాచడానికేముంది? ఫోన్ తెచ్చి, ఆ ఉచితం ట్యాంకు బొమ్మను చూపించాను. అత్త ఫోన్‌ను అటు తిప్పి ఇటు తిప్పి, "గిదేంది అల్లుడా? గొట్టం గింత లావున్నది, నీళ్లేవి?" అంది. ఆటోవాళ్లు ముందు నవ్వారు, తర్వాత గల్లీ అంతా నవ్వింది. నిజం చెప్పాలంటే, భయంతో చచ్చిపోతున్న నాకు కూడా నవ్వాగలేదు. ఆ నవ్వుల్లో ఎవరో, "మిల్లు బందైనంక గీయిన దిమాగ్ గూడ బందైంది" అన్నారు. బాపు విన్నాడు. లోపలికి వచ్చి, అంగి విప్పి మేకుకు తగిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి రోజులు నాకు తలుచుకోవాలనిపించదు. ఆయన నన్ను ఒక్క మాటైనా తిట్టి ఉంటే బాగుండేది. అవ్వ కంచం మంచం దగ్గర పెట్టి, చల్లారాక తీసుకుపోయేది. నేను మూలన కూర్చుని ట్యాంకుల చరిత్రలు రాసుకునేవాణ్ని. రాసింది పైకి చదువుకుంటే గానీ వాక్యం కుదిరిందో లేదో నాకు తెలియదు (చర్చి ఆదివారం బడిలో బైబిలు వాక్యాలు పైకి అప్పజెప్పిన అలవాటు). ఒక సాయంత్రం ఒక పెద్ద ట్యాంకు సంగతి చదువుతున్నాను. ఎంతో కష్టపడి దాన్ని తయారుచేసేసరికి యుద్ధమే అయిపోయింది. షెడ్డులో పెట్టారు. ఆ తర్వాత తేలికవి, వేగంగా పోయేవి వచ్చాయి. చివరి వాక్యం ఇట్లా రాశాను: "దానితో ఈ ట్యాంకు పనికిరాకుండా పోయింది."

"ఏమన్నవ్?" అని మంచంలోంచి గొంతు వచ్చింది. నేను మళ్లీ చదివాను.

"దాని ఇంజన్ ఖరాబైందా?"

"లేదు బాపు."

"గొలుసు తెగిందా?"

"లేదు."

బాపు మెల్లగా నావైపు తిరిగాడు. "మరి పనికిరాకుండ ఎట్ల వోయిందిరా? దానికి పని లేకుండ వోయింది. గంతే. రెండు ఒక్కటేనా?"

ఆయన ట్యాంకు గురించి మాట్లాడడం లేదని నాకు తెలుసు. వాక్యం కొట్టేసి ఆయన అన్నట్టే రాశాను: "దానికి పని లేకుండా పోయింది, అది పనికిరాకుండా పోలేదు." హైదరాబాద్ సారు ఫోన్ చేసి, "ఏంది తమ్ముడూ, ఇది చరిత్రనా, సావుకాడ పరామర్శనా?" అన్నాడు. కానీ ఎందుకో తీసేయలేదు. బాపు మాత్రం గోడవైపు తిరగడం మానేశాడు. చదివింది వినేవాడు, అడిగేవాడు. గడప దాటడం మాత్రం జరగలేదు.

ఇంతలో ట్యాంకి దగ్గర వాల్వు తిప్పి నీళ్లు వదిలే మనిషి వీసా వచ్చిందని దుబాయి పోయాడు. ఆయన జాగాలో ఎవరూ రాలేదు. ట్యాంకి నిండి అంచుల మీంచి కారుతోంది, కింద నల్లాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నే జమ్మికుంట అత్త ఖాళీ బిందెతో మా గడపలోకి వచ్చి నిలబడింది. ఎన్నడూ లేంది మెల్లగా మాట్లాడింది (పక్క గల్లీకి మాత్రమే వినపడేటట్టు). "అన్నా, నవ్వినం, తప్పైంది. నీళ్లున్నయ్, ఇడిచేటోడు లేడు. ఆ చక్రం పట్టుకుంటే ఎవ్వలకు తిరుగుతలేదు. నువ్వొచ్చి జర చూడరాదే" అంది.

"నేను బేకార్ గాన్ని చెల్లె. నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు బాపు.

"బేకార్ ఉన్నవనే గదనే వచ్చిన!" అంది అత్త, మళ్లీ పాత గొంతుతో. "పనున్నోడు నాకోసం వస్తడా?"

బాపు ఆమెవైపు చూశాడు, తర్వాత నావైపు చూశాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆ ముఖంలో నవ్వులాంటిది కనపడింది. లేచి మేకుకున్న అంగి అందుకున్నాడు. కాసేపటికి మా వాకిట్లో నల్లా దగ్గి, బుస కొట్టి, ధార కట్టింది. అవ్వ దాని కింద బిందె పెట్టడం మరిచిపోయి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆ రోజునుంచి గల్లీకి నీళ్లు వదిలింది మా బాపే. తర్వాత మిల్లు మళ్లీ నడిచింది, సైరన్ మోగింది. అప్పటికి ఆయనకు వయసు దాటిపోయింది. సైరన్ మోగే వేళకు ఆయన ట్యాంకి కింద ఉండేవాడు. వాల్వు మీద చేయి పెట్టి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విని, అప్పుడు తిప్పేవాడు.

నా తెలుగు పేజీ మాత్రం ఎక్కువకాలం బతకలేదు. చదివేవాళ్లు లేరని మూసేశారు (చదివేవాళ్లు లేరంటే మా బాపు ఒప్పుకోలేదు). నేను ఆయన మంచంలోనే గోడవైపు తిరిగి పడుకున్నాను. బాపు పొద్దున్నే వచ్చి నా అంగి నామీద పడేసి, "లే బిడ్డా, వాల్వు బిగుసుకున్నది, ఒక్కన్నే తిప్పలేకపోతున్న" అన్నాడు. పోయి పట్టుకుంటే అది ఒంటి చేత్తో తిరిగింది. అబద్ధం ఆడడం ఆయనకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు.

ఇప్పుడు బాపు లేడు. నేను కరీంనగర్‌లో ఏదో ఆఫీసులో ఏదో పని చేసుకుంటున్నాను. ఎప్పుడైనా కొత్తగా చేరిన పిల్లలు, "సార్, మీ మొదటి ఉద్యోగం ఏంది?" అని అడుగుతారు. ట్యాంకుల గురించి రాసేవాణ్నంటే, "నీళ్లయా సార్?" అంటారు. బురుజు అని పేరు పెట్టి మురిసిపోయిన ఆ కుర్రవాడైతే దేశాలు, యుద్ధాలు, ఫిరంగులు అన్నీ విప్పి ట్యాంకు వేరే, ట్యాంకి వేరే అని పాఠం చెప్పేవాడు. నేను నవ్వి ఊరుకుంటాను.

"ఔను," అంటాను, "నీళ్లయే."