మాస్టారి పేరున్న సామాను జాబితా

మాస్టారు పోయారని సోమవారం పొద్దున ఆఫీసుకి ఫోనొచ్చింది. గుండెపోటట. నాకు ముందు కోపమే వచ్చింది, ఏడుపు తర్వాత. ఆయన నాకిచ్చిన మాట ఒకటి అలాగే ఉండిపోయింది.

బహ్రెయిన్‌లో ఉన్న మీలో చాలామందికి ఆయన తెలుసు. శుక్రవారం చర్చిలో తెలుగు ప్రార్థన అయ్యాక, జింజ్‌లోని తన ఫ్లాటులో మా నలుగురు గుమాస్తాలకి ఎక్స్ఎంఎల్ నేర్పేవారు. సమాచారంలో ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఒక పేరు తగిలించి, ఏ కంపెనీ కంప్యూటరైనా చదువుకునేలా రాసే పద్ధతి అది. ఫీజు లేదు సరికదా, వాళ్ళావిడ, మేమందరం అక్కా అని పిలిచే ఆవిడ, పులిహోర పెట్టేది. కంప్యూటరంటే బెదిరే మాకు ఆయన మొదటిరోజు టిఫిను డబ్బాలు చూపించారు.

"లోపలి డబ్బా ముయ్యకుండా బయటిది మూశావనుకో, బ్యాగంతా సాంబారే," అన్నారు.

నేను రాసిన ప్రతి ఫైలులోనూ లోపలి పేరు ఏదో ఒకటి మూతపడక ఆ సాంబారు కారేది. ఆయన విసుక్కునేవారు కాదు. "ప్రోగ్రాములు రాసేవోళ్ళు బోల్డుమంది ఉన్నారయ్యా. సామానుకి పేరు పెట్టాలంటే సామాను తెలిసినోడే కావాలి," అనేవారు. నా గుమాస్తాగిరీ గురించి అంత గౌరవంగా మాట్లాడినవారు మరొకరు లేరు.

ఆ మాట పట్టుకునే నేను మా కంపెనీ సామాను జాబితా మొదలుపెట్టాను. మాది కట్టడం సామాను సరఫరా చేసే కంపెనీ. కాగితంలో ఉండే పేరొకటి, సైటు మీద పిలిచేది ఇంకొకటి. మనవాళ్ళ తాపీ హిందీవాళ్ళకి కర్నీ. తప్పు సామాను వెళ్తే తిట్లు తినేది కూలీలే. జగిత్యాల నుంచి వచ్చిన ఒక మేస్త్రీని అడిగితే, "మేం పిలిసే పేరు గూడ రాస్తవా సారూ? గట్లయితే మాకు మాటలు పడుడు తప్పుతది," అన్నాడు. ఐదు నెలలపాటు రోజూ డ్యూటీ అయ్యాక కూర్చుని, ఒక్కో వస్తువుకి ఉన్న పేర్లన్నీ ఎక్కించాను. అది చూపించి ఆఫీసరు కావాలని నా ఆశ. తప్పులుంటే దిద్దమని ఫైలు మాస్టారికిచ్చాను.

రెండు వారాలకి మా మేనేజరు అందరినీ పిలిచి కొత్త సలహాదారుని పరిచయం చేశాడు. మాస్టారే. తెర మీద నా జాబితా. తయారుచేసినవారు అన్నచోట ఆయన పేరు. ఆయన నావైపు చూడలేదు.

మెట్ల దగ్గర ఆపి, "అది నేను చేసింది కదా మాస్టారూ," అన్నాను.

"గుమాస్తా చేశాడంటే ఈళ్ళు వింటారేంటయ్యా? ముందు పని జరగనీ. తర్వాత నేనే చెప్తాను."

మూడేళ్ళయినా ఆ ‘తర్వాత’ రాలేదు. నేను గుమాస్తాగానే ఉన్నాను, ఆయన జాబితాలో కొత్త సామాను ఎక్కిస్తూ. నమ్మించి గొంతు కోశారు. మళ్ళీ వాళ్ళింటి గడప తొక్కలేదు. అయినా ఫైలు తెరిస్తే చాలు, డబ్బాల గురించి ఆయన చెప్పిందే గుర్తొస్తుంది. నాకొచ్చిన విద్య ఆయన పెట్టిందే మరి, కాదని ఎలా అంటాను.

మొన్న శుక్రవారం సంతాప ప్రార్థనలో మా మేనేజరు లేచి, ఆ జాబితా కోసం మాస్టారు ఎంత శ్రమపడ్డారో చెప్పాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. బయటికి రాగానే అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ సామాను లిస్టు నువ్వు చేసిందేనంట కదా తమ్ముడూ. ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవారు, మా శిష్యుడు చేశాడని."

చెప్పారన్నమాట. చెప్పాల్సిన ఒక్కడికి తప్ప అందరికీ చెప్పారు. నేను గేటువైపు తిరిగి చూశాను. మేనేజరు అప్పటికే కారెక్కి, అద్దాలు బిగించుకుని, రిఫా రోడ్డు వైపు మళ్ళుతున్నాడు. అక్క ఇంకా నా చెయ్యి వదల్లేదు.