కార్డు పాయింట్లతో బుక్ చేసిన హనీమూన్, చప్టా మీద ఆగిపోయిన కారు

పెళ్లి కుదిరిన వారం నుంచే నేను పాయింట్లు కూడబెట్టడం మొదలుపెట్టాను. నా భర్త మస్తాన్‌కు అల్లూరులో పరుపుల దుకాణం ఉంది. నేను అదే ఊళ్లో రొయ్యల మేత అమ్మే షాపులో పనిచేస్తాను. దుకాణానికి కావలసిన దూది, గుడ్డ అన్నీ నా క్రెడిట్ కార్డు మీద కొని, గడువులోపే బిల్లు కట్టేసేవాళ్లం. అలా పది నెలల్లో చేరిన పాయింట్లతో చెన్నై నుంచి కొచ్చికి ఇద్దరికీ విమానం టికెట్లు వచ్చాయి. మున్నార్‌లో మూడు రాత్రులకు గది ఆఫర్‌లో సగం ధరకే, ఆరు వేలకు దొరికింది. రద్దు చేసుకుంటే ఏదీ తిరిగిరాదని కింద రాసి ఉంది. అది చదివే బుక్ చేశాను. మా ఇద్దరిలో ఎవరమూ అప్పటిదాకా విమానం ఎక్కలేదు.

బయలుదేరాల్సింది నవంబరులో. రెండు రోజులుగా వాన ఆగలేదు. వాయుగుండం అని టీవీలో చెబుతూనే ఉన్నారు. "ఈ వానలో యాడికి పోతారు? ఒక వారం ఆగండి" అని మా అత్త బతిమాలింది. ఆగితే టికెట్లు పోతాయని చెప్పాను. ఉదయం ఐదున్నరకు కోవూరు నుంచి డ్రైవర్ సుధాకర్ అన్న అద్దె కారు తెచ్చాడు. చెన్నై విమానాశ్రయానికి నాలుగు వేల రెండు వందలకు మాట్లాడుకున్నాం. విమానం మధ్యాహ్నం మూడు పదికి. మామూలు రోజుల్లో నాలుగున్నర గంటల దారి కాబట్టి చాలా సమయం ఉందనుకున్నాం. కానీ గూడూరు దాటాక రెండు వైపులా మళ్లకూ కాలువలకూ తేడా తెలియలేదు. మస్తాన్ కిటికీలోంచి నీళ్లనే చూస్తున్నాడు. నేను ఫోన్‌లో టికెట్లు తెరిచి చూసుకుంటూ ధైర్యం తెచ్చుకున్నాను.

ఎనిమిదింటికి నాయుడుపేటలో ఇడ్లీలు తిన్నాం, ప్లేటు నలభై. అక్కడి నుంచి కొంత దూరం వెళ్లేసరికి హైవే మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. ముప్పావు గంటసేపు చక్రం కదల్లేదు. సుధాకర్ అన్న దిగి కనుక్కుని వచ్చాడు. "ముందర రోడ్డు మీదికి నీళ్లొచ్చినాయంట మేడమ్. ఎప్పుడు వదుల్తారో ఎవురికీ తెలీదు. దొరవారిసత్రం పక్క ఊళ్ల మీదుగా సూళ్లూరుపేటకి ఒక దారుండాది గానీ, ఎట్టుండాదో చెప్పలేను."

"తిరిగి పోదాం షమీమ్" అన్నాడు మస్తాన్.

"ఇంకా టైముంది. ఒకసారి చూద్దాం" అన్నాను నేను.

ఆ ఊళ్ల దారిలో ఆరేడు కిలోమీటర్లు వెళ్లాక చప్టా వచ్చింది. మామూలుగా వాగు దాని కింద తూముల్లోంచి పోతుంది. ఆ రోజు పైనుంచి పోతోంది. రెండు పక్కలా పాతిన రాళ్ల తలలు మాత్రం కనిపిస్తున్నాయి. ఇవతలి గట్టు మీద తలకు గోనెసంచి కప్పుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పక్కనే ఆయన ట్రాక్టరు. కారును చూసి చేతులు అడ్డంగా ఊపాడు.

"పోబాకండమ్మా. ఇప్పుడే ఒక ఆటో వెనక్కి తిరిగిపోయింది."

"మోకాలి లోతే కదా పెద్దాయనా? మాకు విమానం ఉంది" అన్నాను.

"లోతు కాదమ్మా, ఆ ఈడ్పు చూడు."

సుధాకర్ అన్న అద్దంలోంచి నా వైపు చూశాడు. "బండి నాది కాదు మేడమ్. మీరు పొమ్మంటే నిదానంగా పోతా." మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "పోనీ అన్నా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

మూడో వంతు దూరం వెళ్లామో లేదో, ఇంజను దగ్గినట్టు శబ్దం చేసి ఆగిపోయింది. మొదట నా కాళ్ల కింద చల్లగా తగిలింది. చూస్తే నీళ్లు. తర్వాత కారు వెనక భాగం మెల్లగా పక్కకు జరిగింది. బ్రేకు వేసినా జరుగుతూనే ఉంది. తలుపు తోశాను, రాలేదు. కల్మా చదవబోతే చిన్నప్పటి నుంచి వచ్చిన ఆ మాటలే మధ్యలో మరిచిపోయాను. మస్తాన్ నన్ను గట్టిగా పట్టుకుని "ఈత రాదు నాకు, ఈత రాదు" అంటున్నాడు. నాకూ రాదు. వెనక చక్రం ఒక రాయికి తగిలి కారు ఆగింది. ఆ రాయి ఊడితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

అద్దాలు మాత్రం ఇంకా దిగుతున్నాయి. సుధాకర్ అన్న కిటికీలోంచి బయటికి పాకి, కారును పట్టుకుని నడుము లోతు నీళ్లలో వెనక్కి వెళ్లాడు. పెద్దాయన ట్రాక్టరును నీళ్ల అంచుదాకా వెనక్కి నడిపి మోకు విసిరాడు. మొదటిసారి నీళ్లు లాక్కుపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి సుధాకర్ అన్న చేతికి అందింది. కారు వెనక కొక్కానికి దాన్ని కట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కారు గట్టెక్కాక కూడా నేను సీటు వదల్లేదు. నా వేళ్లను మస్తాన్ ఒక్కొక్కటిగా విడిపించాడు.

ఆ పెద్దాయన పేరు పెంచలయ్య. తన ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య సుబ్బమ్మ నాకు తన చీర ఇచ్చింది, వేడి అన్నంలో చేపల పులుసు పోసింది. "తినమ్మా, వణుకు తగ్గుద్ది" అంది. పదకొండున్నరకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. వాతావరణం బాగాలేక మా విమానం రద్దయింది, వారంలో పాయింట్లు తిరిగి జమ అవుతాయి. పైకి చదవలేక ఫోన్‌ను మస్తాన్ చేతికిచ్చాను. అది చదివి మస్తాన్ అన్నాడు. "నువ్వు పోదామన్నందుకు కాదు షమీమ్. నేను వద్దని గట్టిగా అనలేకపోయినాను చూడు, అదే నాకు భయమేస్తా ఉండాది."

మర్నాడు నీళ్లు తగ్గాక ఇంటికి చేరాం. కారు మరమ్మతుకు పదకొండు వేలు మేమే ఇచ్చాం. ఆ తర్వాత కొన్నాళ్లు వాన చప్పుడు వినగానే నా కాళ్లు చల్లబడేవి. పాయింట్లు ఉత్తినే వచ్చినవి అనుకుంటాం కానీ, పది నెలలు వాటినే లెక్కపెట్టుకున్న మనిషికి వాటిని వదులుకోవడం తెలియదు. వాగు ముందు నిలబడి నేను నీళ్లను చూడలేదు, మస్తాన్ ముఖం కూడా చూడలేదు. పక్కవాళ్లు భయపడుతుంటే పట్టించుకోకపోవడాన్ని ధైర్యం అనుకున్నాను. ఇప్పుడు ఏ ప్రయాణానికైనా ఇద్దరిలో ఒకరు ఆగుదామంటే రెండోవాళ్లు కారణం అడగకుండా ఆగాలని మాట అనుకున్నాం. పాయింట్లతో టికెట్లు తీసుకునేవాళ్లకు చెప్పేది ఒక్కటే: రద్దు చేసుకుంటే పాయింట్లు తిరిగివచ్చే టికెట్టే తీసుకోండి, దానికి ఎక్కువ పాయింట్లు పోయినా సరే. వద్దనుకున్న రోజున ఇంట్లో ఉండిపోవడానికి మీకు దారి ఉండాలి.