ఆముదం లేని చేతులు

ఇన్నమ్మకు ఒక్కచోట కుదురుగా కూర్చునే గుణం దేవుడు ఇవ్వలేదు. చర్చిలో ప్రసంగం సాగుతున్నా సరే, బయటికి వెళ్ళి ఎండ ఎంత ఎక్కిందో చూసి వచ్చేది. చిన్నప్పుడే వైరా దగ్గర మిరప కల్లంలో తాలుకాయలు ఏరడానికి దిగింది. పెళ్ళయి బూర్గంపాడు వచ్చాక ఏరే ఆడవాళ్ళకు మేస్త్రి అయింది. ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలు వేరుచేయడం చూడడానికి తేలికే, చేతులకు మాత్రం నిప్పు. అందుకే పొద్దున్నే అందరూ అరచేతులకు ఆముదం పట్టించి కూర్చునేవారు. అప్పుడు కారం చర్మంలోకి దిగదు. అమ్మమ్మల నాటి పద్ధతి అది.

2005లో ఆ పద్ధతికి గండం వచ్చింది. ఎవరో వ్యాపారులు కారప్పొడిలో తినకూడని రంగు కలిపారట. సముద్రాల అవతలి అంగళ్ళలో అది బయటపడి గగ్గోలు లేచింది. ఆ రంగు నూనెలో కరిగేది కాబట్టి, ఇక మీదట కాయ మీద రంగు కాదు కదా, నూనె మెరుపు కనిపించినా సరుకు వెనక్కే అన్నారు. ఆ కబురు మోసుకొచ్చినవాడు కొనుగోలు కంపెనీ మనిషి సుకుమార్. ఖమ్మం కుర్రాడు, మెత్తనివాడు.

"కాయకు నూనె అంటొద్దు ఇన్నమ్మా. ఒక్క బస్తాల దొరికినా లోడంత వాపస్. మల్ల మీకు ఈడ పనే ఉండదు."

"తిండిల రంగు కలిపెటోని చేతులు పడిపోను! మా ముఠాల ఆముదం సీసా కనబడదు సారూ," అని ఇన్నమ్మ మాటిచ్చేసింది.

మాట ఇవ్వడానికి నోరు చాలు, నిలబెట్టుకోవడానికి ఒళ్ళు కావాలి. వారం తిరగకుండానే అందరి చేతులూ ఉబ్బాయి. మజ్జిగలో ముంచినా మంట చల్లారలేదు. అందరిలోకీ కమ్లి గతి అన్యాయం. తండా నుంచి వచ్చే ఆ బాలెంతరాలు కాయలేరే షెడ్డు దూలానికి చీర ఉయ్యాల కట్టి కూతుర్ని పడుకోబెట్టేది. ఇదివరకు సబ్బుతో కడుక్కుంటే చేతులు శుభ్రపడేవి. ఇప్పుడెంత కడిగినా, తాకితే చాలు పిల్ల ఒళ్ళు కందిపోతోంది. అత్త ద్వాలి వెంట వచ్చి, పిల్లను రొమ్ముకు ఆనించి పట్టుకుంటే కమ్లి చేతులు వెనక్కి పెట్టుకుని పాలిచ్చేది.

ఒకరోజు ద్వాలి జ్వరంతో తండాలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"అక్కా, జర నువ్వన్న ఎత్తుకో!" అని కమ్లి ఇన్నమ్మను బతిమాలింది.

"నా చేతులు మాత్రం ఏం సల్లగున్నయే?"

షెడ్డు నిండా తల్లులే. ఎత్తుకునే చెయ్యి ఒక్కటీ లేదు. ఇన్నమ్మ కాలుగాలిన పిల్లిలా ఉయ్యాల చుట్టూ తిరిగింది. ఏ రంగుతోనూ సంబంధం లేని ఈ పసిదాని ఉసురు తన మాటకే తగులుతుందేమో అని భయపడింది.

అప్పుడే సుకుమార్ శాంపిల్ తీయడానికి వచ్చి, డబ్బా తెరిచి రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాడు.

"గవి ఎందుకు సారూ?"

"నా చేతుల మురికి కాయకు అంటొద్దని."

"మరి కాయ మంట మా చేతులకు అంటకుంట ఏంది?"

"అది రూల్ల లేదమ్మా," అని అతను తల దించుకున్నాడు.

ఇన్నమ్మ తీసుకోనా అని అడగలేదు. డబ్బాలోంచి ఇంకో జత లాగి కమ్లి చేతులకు తొడిగింది. కమ్లి కూతుర్ని ఎత్తుకుంది. పిల్ల ఆ తెల్లటి చేతుల్ని చూసి బెదిరింది, వెక్కింది, ఆకలికి ఆగలేక రొమ్ము పట్టుకుంది. గుప్పెటతో తల్లి వేలు చుట్టేసింది. కమ్లి దాన్నే చూస్తూ భోరుమంది.

"దీని చెయ్యి నాకు తెలుస్తలేదు అక్కా."

లోడు కోసం వచ్చిన లారీవాడు రోడ్డు మీద హారన్ కొడుతున్నాడు. ఎవరూ కాయల వైపు కదలలేదు. ఇన్నమ్మ సుకుమార్ ఎదుటికి వెళ్ళి నిలబడింది.

"మాట తప్పుతున్న సారూ. అందరికి గ్లౌజులన్న తేండ్రి, లేకుంటె ఆముదమన్న రాసుకోనియ్యుండ్రి. గప్పటిదాంక మా చేతులు కాయకు అంటవు."