సీటు బెల్టు చివరి మట్టి

నిజాం కాలంలో ఊరి శిస్తు వసూలు చూసిన మాలీ పటేల్ నర్సిరెడ్డి మా ముత్తాత. ఆయన కచేరీ అరుగు మీద తేలని తగాదా మరెక్కడా తేలదని చుట్టుపక్కల అనుకునేవారట. ఆయన కొడుకు లింగారెడ్డి పటేల్ మా తాత. అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి పది ఊళ్ళలో మొదటి కారు ఆయనదే. దాని హారన్ వినబడితే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. నా పేరు రాయను, ఊరి పేరూ రాయను. ఆ ఇద్దరి పేర్లు మాత్రం రాయక తప్పదు. నేను చేసిన తప్పు ఆ పేర్ల మీద నిలబడి చేసింది.

ఐదేళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే ముందు మీకు చెబుతున్నాను. ఇది రాస్తుంటే కలుగుతున్నది భయం కాదు. జాతరకు బయలుదేరే ముందు పిల్లవాడి గుండె ఎగిరినట్టు నా గుండె ఎగురుతోంది. దానికి కారణమూ ఒక కారే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండేది కింది వాటా, కిరాయికి. పై వాటాలో మూర్తిగారు. భీమవరం వైపు నుంచి వచ్చి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. నా మీసం చూసో, నడక చూసో, మొదటి రోజు నుంచే నన్ను ‘పటేల్ గారూ’ అన్నారు. ఆ పిలుపుకు నేనెంత లొంగిపోయానో ఆయనకు తెలియదు. మా తాత కారు సంగతి నా నోటే విన్నాక, ఒకరోజు పాత కారు కొనాలనుకుంటున్నామని, మూడు తరాలుగా కార్లు చూసిన ఇంటివాళ్ళు గనక నేనే ఎంచిపెట్టాలని అడిగారు. కార్ల గురించి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. కానీ ‘తెలియదు’ అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. సరేనన్నాను.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక పాత కార్ల యార్డు. ఆ ఉదయం ఎంత సంబరం! నీళ్ళు కొట్టి మెరిపించిన బండ్లు వరుసగా ఉన్నాయి. మూర్తిగారి భార్య వరలక్ష్మిగారు ప్రతి బండిలోనూ ఎక్కి కూర్చుంటున్నారు. వాళ్ళమ్మాయి శ్రావణి ప్రతి బండిలోనూ పాట పెట్టించి వింటోంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. తాత అలాగే నడిచేవాడని విన్నాను. ఒక వెండి రంగు బండి దగ్గర ఆగి, బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, తల ఊపాను.

“ఇదే తీస్కోండ్రి మూర్తిగారూ. గట్టి బండి.”

యార్డు యజమాని నన్ను అప్పుడే చదివేశాడు. “పటేల్ సాబ్ నజర్ అంటె నజరే! మాలాంటోళ్ళు కిందికి దూరి, మీదికెక్కి చూస్తరు. ఖాన్‌దానోళ్ళకు చప్పుడింటెనే సమజైతది.”

“ఓసారి మెకానిక్‌కి కూడా చూపిద్దామంటారా అండీ?” అన్నారు మూర్తిగారు నెమ్మదిగా.

“నేను చూసినంక మళ్ళ మెకానిక్ ఏందండీ?”

“అదీ నిజమే లెండి.”

“మా ఆయనకి లెక్కలు తప్ప వంకాయలేరడం కూడా రాదండీ,” అన్నారు వరలక్ష్మిగారు. “మీరు రాబట్టి బతికిపోయాం.”

అందరూ నవ్వారు. వాళ్ళు బయానా డబ్బు ఇవ్వడానికి లోపలికి వెళ్ళారు. నేను డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని, ఊరికే, బెల్టు లాగాను. చివరిదాకా వచ్చింది. ఆ చివర జానెడు మేర ఎండిన మట్టి. దాని పైన గీత గీసినట్టు నీటి మరక. మూసారాంబాగ్ దగ్గర మూసీ రోడ్డెక్కినప్పుడు కార్లు తేలడం కళ్ళారా చూసినవాణ్ణి. ఆ మట్టి ఏమిటో చెప్పడానికి మెకానిక్ అక్కర్లేదు. అది మునిగిన బండి.

బెల్టు వదిలేశాను. అది మెల్లగా లోపలికి పోయింది. నేను నోరు తెరవలేదు.

ఎందుకు? ఐదు నిమిషాల క్రితం అన్న మాట కదా, ‘పొరపడ్డాను’ అంటే పోయేదేముంది? పోయేది ఉందనుకున్నాను. పటేల్ మాట తిరగబడదన్న ఒక్క ఆస్తే మిగిలిందని, అదీ ఆ యార్డులో, ఆ వ్యాపారి ముందు పోగొట్టుకోలేనని అనుకున్నాను. పూజ రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ నా చేతే కొట్టించారు. అప్పుడైనా చెప్పవచ్చు. కాయ కొట్టాను.

ఏడాది తిరక్కుండానే హయత్‌నగర్ దగ్గర ముందున్న లారీ ఆగింది, మూర్తిగారు గుద్దారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. పక్క సీట్లో ఉన్న వరలక్ష్మిగారి కుడి భుజం విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ తల దాకా లేవదు. ఆమె జడ కూతురే వేస్తుంది. బండి విప్పిన మెకానిక్ నా ఎదుటే అన్నాడు, “నీళ్ళల్ల మునిగిన బండి సార్ ఇది. వైర్లన్ని చిలుమువట్టినయ్.”

మూర్తిగారు కసిరారు. “మా పటేల్ గారు చూసిన బండయ్యా. నోటికొచ్చినట్టు మాట్లాడకు.”

నేను అక్కడే ఉన్నాను. నిటారుగా నిలబడి.

ఇప్పుడు శ్రావణికి ఆదిభట్లలో ఉద్యోగం. తనకో పాత కారు కావాలి. పది రోజుల క్రితం మూర్తిగారు మెట్లు దిగి వచ్చి మళ్ళీ నన్నే అడిగారు. సిగ్గుతో చచ్చిపోవాలి కదా? మర్నాడే వీధి చివర మెకానిక్ యాదగిరి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. “నాకేం తెల్వదు. నేర్పు,” అన్నాను. ఎంత తేలిక ఆ మాట! “గిప్పుడన్న అడిగినవ్ పటేలా,” అని వాడు పడీపడీ నవ్వాడు. వారం రోజులూ బడికి పోయినట్టు పోయాను. కార్పెట్ ఎత్తి వాసన చూడాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు లైటు వెలగాలి, వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని పీకేసినట్టు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. విడి సామాన్లు ప్రతి వీధిలోనూ దొరికే మోడలైతేనే తర్వాత ఇల్లు గుల్ల కాదు.

నిన్న వనస్థలిపురంలో దొరికింది! రిటైరైన టీచరమ్మ బండి. ఒకే చేతి మీద నడిచింది, ప్రతి సర్వీసు కాగితమూ ఉంది. తెల్ల చొక్కాతోనే కిందికి దూరాను. వీపంతా నూనె. ఐదు బెల్టులూ చివరిదాకా లాగాను. అయిదూ శుభ్రం. రోడ్డు మీదే కేక వేశాను.

రేపు పొద్దున వాళ్ళకు చూపించాలి. ఇవే మాటలు మరో కాగితం మీద రాశాను. బయలుదేరే ముందు అది వరలక్ష్మిగారి ఎడమచేతికిస్తాను. క్షమించమని రాయలేదు. క్షమించే పని వాళ్ళ నెత్తిన పెట్టే హక్కు నాకెక్కడిది? నన్ను రావద్దంటే యాదగిరి వెళ్తాడు. బండి మాత్రం మంచిది.

అయినా, చూడండి, ఊపిరి ఎంత లోతుకు పోతోందో.

ఇంకొక్కటి మిగిలింది. మూడు తరాలుగా కార్లు చూసిన ఇల్లని మూర్తిగారు అన్నప్పుడు నేను కాదనలేదు. మా తాత కారును నేను పుట్టడానికి నాలుగేళ్ళ ముందే అమ్మేశారు.