విల్లు వీపు నిమిరిన తల్లి

పురాణాల్లో విల్లు విరిచినవాడికి పిల్లనిచ్చి పెళ్లి చేశారు. సిద్దిపేటలో విల్లు విరిచిన నాకు మాత్రం మా అత్తమ్మ మూడు రోజుల పాటు మాట్లాడకుండా అన్నం పెట్టింది. ఆ వీరుడు నిండు సభలో, అందరూ చూస్తుండగా విరిచాడు. నేను మా సోఫాలో కూర్చుని, ఒక ఆకురాయితో, మధ్యలో టీ తాగుతూ ఆ ఘనకార్యం చేశాను. ఎలాగో చెబుతాను. పిల్లలున్న తల్లులు గుండె చిక్కబట్టుకుని చదవండి.

ఇది రెండు నెలల కిందటి మాట. అప్పటికి మా లాస్యకు ఎనిమిదేళ్లు, నాకు ఎనభై భయాలు. దాని సైకిలుకు పక్క చక్రాలు మూడేళ్లుగా ఊడదీయనివ్వలేదు. పార్కులో జారుడుబండ మీద దాన్ని ఒళ్లో పెట్టుకుని నేనే జారేదాన్ని. ఒకసారి ఇద్దరం మధ్యలో ఇరుక్కుంటే వాచ్‌మన్ వచ్చి చెరో చెయ్యీ పట్టి లాగాడు. చేప వండిన రోజు మా ఇంట్లో భోజనం కాదు, పోస్టుమార్టం జరిగేది. ఇవన్నీ చూసి చూసి ఆ పిల్ల ఏదైనా అడగడమే మానేసింది.

అలాంటిది ఒకరోజు బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అంది.

"అమ్మా, మా బడిల ఆటల పోటీలున్నయ్. నేను బాణం కొడ్త. ఎవరి విల్లు వాళ్లే తెచ్చుకోవాల్నట. పీటీ సారు పేరు రాసుకున్నడు."

"పేరిచ్చినవా? నన్ను అడగకుండనే?"

"అడిగితే వద్దంటవ్ గద."

మధ్యలో మా అత్తమ్మ అందుకుంది. "మా బెజ్జంకిల వడ్ల నర్సన్న ఉన్నడు. చిన్నప్పుడు మా అన్నలందరికీ ఆయనే విల్లులు చేసిచ్చిండు. రేపు పొద్దుగాల్నే పోదాం" అంది. ఆమె పుట్టింటి ఊరి మీద ఎదురుచెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

అత్తమ్మ నర్సన్న అని పిలిచే ఆ వడ్రంగి నర్సయ్య తాతకు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. మనిషి సన్నగా, ఆయన చెక్కిన మంచంకోడులాగే ఉన్నాడు. పనిపాక దూలం మీద నుంచి రెండు తడ కర్రలు దించి చూపించాడు. బండికాడికి వాడే కట్టె అట, వంగుతుందే గానీ ఒక పట్టాన విరగదు. ఎనిమిదేళ్లుగా అక్కడ ఆరుతున్నాయట. అంటే మా లాస్య ఈడువే. ఆయన ఒకటి ఏరుకుని రెండోదాన్ని మళ్లీ దూలం మీద పెట్టాడు.

నేను బీటెక్ సివిల్. దూలాలు ఎట్లా వంగుతాయో చెప్పే సబ్జెక్టును మూడోసారి పాసయ్యాను కాబట్టి, తోటివాళ్లకంటే మూడు రెట్లు ఎక్కువ చదివినట్టే. ఆ చదువంతా తాత పాకలో రెండు నిమిషాల్లో బూడిదయింది. ఆయన దగ్గర టేపు లేదు, కాగితం లేదు. బాడిసెతో కర్రను చెక్కి, రెండు కొసలకూ తాడు కట్టి, గోడకున్న గూటానికి దాన్ని అడ్డంగా తగిలించాడు. ఆ తాడుకు ఇంకో తాడు కట్టి కొస లాస్య చేతికిచ్చాడు.

"గుంజు బిడ్డా. మెల్లగ."

లాస్య గుంజితే కర్ర రెండు పక్కలా కిందికి వంగింది. తాత నాలుగడుగులు వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి, ఆ వంపును పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశాడు.

"ఎడమ రెక్క మొండిగున్నది" అని, ఒక గాజుపెంకు తీసుకుని, ఆ రెక్క లోపలి వైపు నాలుగు గీతలు గీకాడు. ఉల్లిపొర లాంటి పొట్టు రాలింది. మళ్లీ తగిలించడం, మళ్లీ గుంజించడం, మళ్లీ చూడడం, మళ్లీ నాలుగు గీతలు.

నేను ఊరుకుంటానా? "తాతా, గింత గింత ఎందుకు? ఎంత తీయాల్నో లెక్కగట్టి ఒక్కసారే తీస్తే అయిపోదా?"

"నువ్వు ఇంజనీరువా బిడ్డా?"

"అవును తాతా."

"మరి గా సంగతి కట్టెకు చెప్పినవా?"

లాస్య పకపకా నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులయిందని నాకు అప్పుడే తట్టింది.

అప్పుడే తాత అసలు మాట చెప్పాడు. "తాడు దిక్కున్నది కడుపు, గీకితే గా దిక్కే గీకాలె. వీపు ముట్టద్దు. వీపు మీది నార ఈ కొసకెల్లి ఆ కొసదాంక ఒక్క పొరగ ఉండాలె. బలమంత గా నారలనే ఉంటది." నేను "సరే సరే" అన్నాను. అంటూనే గాజుపెంకు పడిన చోట లాస్య చెప్పులు లేకుండా నిలబడిందేమోనని చూసుకున్నాను. చెవులు రెండూ తాతవైపే ఉన్నాయి పాపం. బుద్ధి మాత్రం పిల్ల పాదాల దగ్గర ఉంది.

ఆరు రోజులు తిరిగాం. ఆరో రోజు గుంజితే రెండు రెక్కలూ రెండు కనుబొమల్లాగా సమానంగా వంగాయి. అంత చక్కటి వస్తువు మా ఇంటికి ఎన్నడూ రాలేదు. లాస్య దాన్ని కారులో ఒళ్లో పెట్టుకుని, దానికి కూడా సీటు బెల్టు పెట్టింది. నా కూతురే కదా.

మర్నాడు అది బడికి పోయాక నేను ఆ విల్లును మురిపెంగా నిమిరాను. వీపు మీద రెండు బుడిపెలు తగిలాయి. చుట్టూ గరుకుగా ఉంది. ఇక చూడండి, నా బుర్ర పరుగు. గరుకుంటే పేడు లేస్తుంది, పేడు వేలికి గుచ్చుకుంటుంది, వేలికి చీము పడుతుంది, దవాఖానలో సంతకం పెట్టమంటారు! మా ఆయనది హార్డ్‌వేర్ దుకాణం. మా ఇంట్లో ఉప్పు నిండుకున్న రోజులున్నాయి గానీ సాండ్‌పేపర్ నిండుకున్న రోజు లేదు. ఆకురాయితో బుడిపెలు అరగదీశాను. టీ తాగాను. సాండ్‌పేపర్‌తో వీపంతా పాలరాయిలా నున్నగా చేశాను. పైన నూనె రాస్తే తళతళా మెరిసింది. తాతకు ఈ పాటి పనితనం ఎందుకు రాలేదా అని జాలిపడ్డాను కూడా.

సాయంత్రం వరండాలో ప్రారంభోత్సవం. లాస్యకు హెల్మెట్, మోకాళ్లకు ప్యాడ్లు, బాణం కొనకు దూది. "యుద్ధానికి పోతున్నదా, గుండెకు ఆపరేషన్ చేయించుకోనీకి పోతున్నదా?" అంది అత్తమ్మ. పిల్ల బాణం సంధించి, ఊపిరి బిగబట్టి, తాడు గుంజింది.

ఫెళ్‌మంది. విల్లు రెండు ముక్కలయింది. సరిగ్గా నేను బుడిపె అరగదీసిన చోట.

"హెల్మెట్ అక్కరకొచ్చింది గదా" అన్నాడు మా ఆయన. ఆ మాటకు ఆయనకు రాత్రి టిఫిన్ లేదు.

లాస్యకు దెబ్బ తగల్లేదు. ఏడ్చినా బాగుండేది. నెమ్మదిగా హెల్మెట్ తీసి, "ఏం కాదులే అమ్మా. పేరు కొట్టెయ్యమని సారుకు చెప్త" అంది. ఏదీ అడగని పిల్ల అడిగిన ఒకే ఒక్కటి నా చేతుల్లో విరిగింది. పోటీకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ రాత్రే జిగురు పూసి, టేపు చుట్టి అతికించాను. అత్తమ్మ చూసి, "గది విల్లా, కట్టు గట్టిన కాలా?" అంది. ఆమె మౌనవ్రతానికి ముందు నాతో అన్న చివరి మాట అదే.

చేసేది లేక బెజ్జంకి పోయాం. దారి పొడవునా అబద్ధం సాధన చేశాను.

"తాతా, దానంతట అదే విరిగింది."

తాత విరిగిన ముక్క వీపు మీద బొటనవేలు నడిపించాడు.

"ఇంట్ల ఆకురాయి ఉన్నదా బిడ్డా?"

"...ఉన్నది తాతా."

"కూసోని రుద్దినవ్. ఒక్క దిక్కే ఒత్తు పడ్డది. గీడ ఆపి మళ్ల మొదలువెట్టినవ్. నడుమ చాయ తాగినవా?"

సీసీ కెమెరాలు కూడా ఇంత వివరంగా చెప్పవు.

"పేడు గుచ్చుకుంటదని తాతా..." అన్నాను, నూతిలోంచి మాట్లాడినట్టు.

ఆయన కోప్పడితే సగం బాధ తీరేది. "మంచికే చేసినవ్ తీయ్. గా బుడిపె ఉన్నకాడ ఒకప్పుడు కొమ్మ విరిగింది బిడ్డా. కట్టె దాని చుట్టు గట్టివడ్డది. నువ్వు గదాన్నే తీసేసినవ్" అని, దూలం మీది రెండో కర్ర దించాడు.

"నీ చేతికర్రకని దాసుకున్ననంటివి గదా నర్సన్నా?" అంది అత్తమ్మ.

"గొడుగున్నది గద" అన్నాడు తాత.

ఈసారి గాజుపెంకు నా చేతికిచ్చాడు. అదే శిక్ష. వంపు చూడడం మాత్రం లాస్య పని. ఒక కన్ను మూసి, అచ్చం తాతలాగే నిలబడి ఆజ్ఞలు జారీ చేసేది.

"కుడి రెక్క అమ్మా. ఇంకొంచెం కిందికి. ఆగు, ఆగు! తాతా, మళ్ల వీపు దిక్కు తిప్పుతున్నది!"

రెండో రోజుకు తాత దాని మాటను సరిచూడడం మానేశాడు. ఎనిమిదేళ్లుగా జారుడుబండ కూడా ఒక్కదాన్నే జారనివ్వని పిల్లకు ఇంత చూపుందని నాకెవరు చెప్పారు? మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. తాత మానునైనా వంచుతాడు. ఆ పాకలో వంగనిది నేనొక్కదాన్నే.

పోటీ రోజు తాత గొడుగు ఊతంగా పట్టుకుని బడికి వచ్చాడు. వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"లాస్య గాడున్నది తాతా. ముందు కుర్చీలేసిన్రు, గక్కడ కూసోరాదు?"

"పిల్లను చూడనీకి రాలే బిడ్డా. దాని విల్లు అది చూసుకుంటది. నిన్ను కాపల కాయనీకి వచ్చిన."

అని, గొడుగు వంకీని నా హ్యాండ్‌బ్యాగు పట్టీకి తగిలించి గట్టిగా పట్టుకున్నాడు. హెల్మెట్ ఆ బ్యాగులోనే ఉందని ఆయనకెట్లా తెలిసిందో!

మొదటి బాణం నేలలో దిగింది. రెండోది టెంటుకు తగిలింది. మూడోది గడ్డిమోపుకు కట్టిన అట్టలో, అంచున, దిగి నిలిచింది. ఏడుగురిలో అయిదో స్థానం. విల్లు కిర్రుమని కూడా అనలేదు. లాస్య ఎగురుకుంటూ పరుగెత్తుకొచ్చింది. దాన్ని ఎత్తుకోవాలని గబుక్కున లేచాను.

అప్పుడు గుచ్చుకుంది పేడు. లాస్యకు కాదు, నాకు. బెంచీది.

నా కూతురు విల్లు తాతకిచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఒక కన్ను మూసి, గోళ్లతో నెమ్మదిగా పేడు లాగింది. "అయిపోయింది, ఏడవకు" అని, బెంచీ వైపు చూసి అడిగింది:

"దీన్ని గూడ రుద్దుదామా అమ్మా?"

తాత నవ్విన నవ్వుకు గొడుగు దానంతట అదే తెరుచుకుంది.

కాబట్టి, ఇల్లంతా నిద్రపోయిన ఈ వేళ, గోడకు వేలాడుతున్న ఆ విల్లు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వీపున్న దేన్నైనా, విల్లునైనా పిల్లనైనా, ఇకపై అడగకుండా నున్నగా చేయను. ఆకురాయిని మా ఆయన దుకాణానికి తిరిగి ఇచ్చేశాను. సైకిలుకు పక్క చక్రాలు ఊడదీశాను. సాండ్‌పేపర్ మాత్రం ఒక్క ముక్క ఉంచుకున్నాను.

బెంచీల కోసం.