ఏడో భాగానికి వచ్చిన పోస్టింగు

ఆండాళ్ రాసిన డైలాగులు మొట్టమొదట విన్నది ఢిల్లీ కంటోన్మెంటులో మిలటరీ క్యాంటీన్ ముందు నిలబడ్డ ఆడవాళ్లు. సబ్బులకీ పంచదారకీ గంటసేపు నిలబడాల్సిన ఆ లైన్లో, ఎవరి సంగతో చెబుతున్నట్టు ఆమె తన సీను చెప్పేది. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి వింటే సీను ఉంచేది. తమ వంతు వచ్చినా కదలకుండా వింటే ఇంటికొచ్చి ఇంకాస్త పెంచేది. నాటకాల చదువేమీ లేదు. నెల్లూరు పిల్ల. మిలటరీ ఆఫీసు గుమాస్తా జయచంద్రను కట్టుకుని, ఊరూరా తిరిగి, ఆ ఊళ్ల హిందీ అంతా ఒంటబట్టించుకున్న మనిషి.

నోయిడాలో ఓ చిన్న స్టూడియోకి మూడేళ్లు వేరేవాళ్ల పేరుతో సీరియళ్లు రాసింది. తొంభైనాలుగులో ఇక చాలనుకుని, తన పేరుతో తనే ఒకటి తీయడానికి బయల్దేరింది. కథ చిన్నదే. ఢిల్లీ క్వార్టర్లలో ఒక దక్షిణాది ఇల్లాలు, రోజూ ఆమె గుమ్మంలో వచ్చిపడే ఇరుగుపొరుగు. ఛానెల్ వాళ్లు పదమూడు వారాలిచ్చారు. ఒక్క వారం తప్పినా ఆ సమయం ఇంకొకరికి పోతుందని ముందే చెప్పారు.

ఇల్లాలి వేషానికి వచ్చిన నటీమణులెవరూ ఆండాళ్‌కి నచ్చలేదు. కొంగుకి చెయ్యి తుడుచుకోవడం కూడా నటించారు వాళ్లు. చివరికి పక్క క్వార్టరు సుభద్రను తీసుకొచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టింది. శ్రీకాకుళం మనిషి, హవల్దారు భార్య, నోరు తెరిస్తే వీధంతా నవ్వాల్సిందే. నాలుగో వారానికల్లా కరోల్ బాగ్‌లో కూరగాయలాయన ఆమెను గుర్తుపట్టి కొత్తిమీర ఊరికే ఇచ్చాడు.

ఏడో భాగం షూటింగుకి మూడు రోజుల ముందు సుభద్ర మొహం వేలాడేసుకుని వచ్చింది.

"వదినా, మా ఆయనికి జోధ్‌పూర్ ఏసేసినారు. శనివారమే రైలు. నానేటి సేసేది?"

ఆండాళ్ తన నెత్తిమీద తనే మొట్టుకుంది. పెళ్లయ్యాక తనే పదకొండు ఇళ్లు మారింది. అలాంటి మనిషి ఒక సైనికుడి భార్యను నమ్ముకుని పదమూడు వారాల సీరియల్ మొదలుపెట్టింది. ఇంత తెలివితక్కువ పని బొంబాయి నిర్మాతలెవరూ చెయ్యరు. సాయంత్రం జయచంద్ర గుమ్మంలో అడుగుపెట్టగానే పట్టుకుంది.

"ఆ ఆర్డరు మీ ఆఫీసుదేగా. టైపు చేసిందెవరు?"

"నేనే."

"ఎప్పుడు?"

"పది రోజులైంది. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదు కదా, ఆండాళ్."

ఆ పూట ఆయనకు అన్నంలోకి మజ్జిగ అందలేదు.

షూటింగుకని మునిర్కాలో అద్దెకు తీసుకున్న ఇంట్లో, డైరెక్టరు భరద్వాజ్ తాపీగా టీ తాగుతూ ఉపాయం చెప్పాడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. "సింపుల్ ఆంటీ. మార్ దేతే హైఁ, ఇల్లాలిని చంపేద్దాం. స్కూటర్ యాక్సిడెంట్, గోడమీద ఫోటో, దానికో దండ. ఖతమ్."

మర్నాడు ఆండాళ్ క్యాంటీన్ లైన్లో ఆ సీను చెప్పింది. అందరూ వెనక్కి తిరిగారు గానీ, ఆ చూపులు బాగాలేవు.

"చంపడమెందుకు దీదీ?" అంది ముందున్న పంజాబీ ఆవిడ హిందీలో. "పోస్టింగొచ్చింది, వెళ్లింది. చిఠ్ఠీలు రాస్తుంది. మనమంతా అంతేగా."

ఆండాళ్ పంచదార సంగతే మరిచి ఇంటికి పరుగెత్తింది. శుక్రవారం సుభద్ర సామాను సర్దుకునే సీను తీశారు. ఆమెకు నటించాల్సిన పనే లేకపోయింది. ఎనిమిదో భాగం నుంచి ఇల్లాలి ఉత్తరాలు వచ్చాయి. అవి సుభద్ర జోధ్‌పూర్ నుంచి నిజంగా రాసినవే. ఆండాళ్ వాటిని హిందీలో పెడితే, సీరియల్లో ఇరుగుపొరుగు ఆ గుమ్మంలోనే కూర్చుని చదువుకునేవాళ్లు. నీళ్ల ట్యాంకరు వచ్చేదాకా ఇక్కడ ఎవరూ నోరు విప్పరు, వచ్చాక ఎవరూ మూయరు అని రాసిన ఉత్తరానికి ఛానెల్‌కి బస్తాడు కార్డులొచ్చాయి.

పదమూడో భాగానికి సుభద్ర రైలెక్కి వచ్చింది, తన నల్ల ట్రంకుతో సహా. దాని మూత మీద పాత ఊళ్ల పేర్లు వరసగా కొట్టేసి ఉన్నాయి. గుమ్మంలో అడుగుపెట్టి "ఇక ఎక్కడికీ వెళ్లను" అనాలి. ఎంతకీ అనలేదు.

"ఈ మాట నానెలాగంతాను వదినా? మనలో ఎవులైనా ఎప్పుడైనా అన్నారా?"

ఆండాళ్ స్క్రిప్టు దగ్గరికి లాక్కుంది. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. సుభద్ర లోపలికొచ్చి, పక్కింట్లో కొత్తగా ఎవరు దిగారని అడిగి, అందరికీ టీ పెట్టింది. సీరియల్ అక్కడితో ముగిసింది.

ఛానెల్ వాళ్లు ఇంకో పదమూడు వారాలిచ్చారు. ఆ కబురు చెబుదామని ఆండాళ్ ఎగురుకుంటూ వస్తే, జయచంద్ర కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుని ఉన్నాడు. ఇలా కూర్చున్నాడంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"ఎక్కడికి?" అంది.

"జబల్‌పూర్. ఇంకా టైపు చెయ్యలేదు, రేపు చేస్తాను. ఈసారి నీకు ముందే చెబుతున్నా."

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆర్డరు బయటికి రాకముందే ఆయన ఆఫీసు సంగతి ఇంట్లో చెప్పడం అదే మొదలు. ఆండాళ్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన కంచంలో నిండుగా మజ్జిగ పోసి, మంచం కింది ట్రంకు బయటికి లాగింది.

తర్వాతి పదమూడు భాగాల స్క్రిప్టులూ జబల్‌పూర్ నుంచి పోస్టులో వచ్చాయి. ఇక్కడి క్యాంటీన్ లైను ఢిల్లీ లైను కంటే పొడవని, కథకు అది మంచిదేనని మొదటి కవర్లో భరద్వాజ్‌కి రాసింది.